లెక్కలోకి రాని హవల్దారు

జర్మనీ గడ్డ మీద భాస్కర్ రావు గెలిచిన మొదటి గెలుపు ఒక గిన్నెలు కడిగే యంత్రం. ఇంట్లో సింకు పక్కన పెట్టుకునే పెట్టె కాదది. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉండే పొడుగాటి యంత్రం. ఈ కొసన ఎంగిలి పళ్లేలు పెడితే ఆ కొసన తళతళలాడుతూ బయటికొస్తాయి. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల అమెరికన్ సైనిక స్థావరం ఒకటుంది. అక్కడి భోజనశాలలో పాతది పీకి కొత్తది పెట్టాలి. తీరా తెస్తే కొత్తది తలుపులో పట్టలేదు. గోడ పగలగొడదామంటే అనుమతి రావడానికే నెలలు పడుతుందన్నారు. భాస్కర్ రావు గోడ జోలికి పోలేదు. యంత్రాన్ని ముక్కలుగా విప్పి, ఎంగిలి పళ్లేలు అందించే కిటికీలోంచి లోపలికి చేరవేసి, మళ్లీ బిగించాడు. మొదటిసారి నీళ్లు కారాయి. రెండోసారి బెల్టు ఎదురు తిరిగింది. సిపాయిలు కాగితం పళ్లేల్లో తింటూ సణుక్కున్నారు. మూడోసారికి దారికొచ్చింది. ఆ పనిలో మోచేతి మీద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది. అడిగినవాళ్లకు చూపిస్తాడు, అడగనివాళ్లకూ చూపిస్తాడు.

అంత గెలుపులోనూ ఒక ముల్లు ఉండిపోయింది. పని బాగుందని స్థావరం అధికారి వచ్చి చెయ్యి కలిపింది భాస్కర్ రావుతో కాదు, కంపెనీ యజమానురాలు హ్యారియట్ కోల్‌తో.

భాస్కర్ రావుది కనిగిరి పక్క మెట్ట పల్లె. జిల్లా పరిషత్ బళ్లో పదో తరగతి గట్టెక్కి, సైన్యం ఎంపికల్లో వందల మందిని దాటుకుని పరుగెత్తి, యంత్రాల మరమ్మతు విభాగంలో చేరాడు. పదిహేడేళ్లు చేసి హవల్దారుగా దిగాడు. లేహ్‌లో ఆసుపత్రి జనరేటరు చలికి బిగుసుకుపోతే మంచులో కూర్చుని దాన్ని మళ్లీ పలికించినవాడు అతనే. ఆ మంచు అతని ఎడమకాలి వేళ్లు రెండు తీసుకుంది. తర్వాత కువైట్ వెళ్లాడు. అక్కడ ఎడారిలో అమెరికన్ శిబిరం వంటశాలలో ఐసు యంత్రాలు నడిపాడు. నిప్పుల కొలిమిలాంటి ఎండలో కూడా తన ఐసు ఏనాడూ తక్కువ కాలేదని చెప్పుకుంటాడు. నిజమే, కాలేదు.

హ్యారియట్ పరిచయమైంది ఆ శిబిరంలోనే. ఆమె అమెరికా సైన్యంలో నాలుగేళ్లు లారీ తోలి, మోకాలు దెబ్బతిని బయటికొచ్చింది. ఒక జర్మన్‌ను పెళ్లాడి స్టుట్‌గార్ట్ పక్క బ్యోబ్లింగెన్‌లో స్థిరపడి, చిన్న కంపెనీ పెట్టింది. "రావ్, పాత యంత్రాలు తీసి కొత్తవి పెట్టే పని. వస్తావా?" అని ఫోను చేస్తే ఇతను సరేనన్నాడు. భార్య శారదాదేవిని వెంటబెట్టుకుని వచ్చి, ఆన్మెల్డుంగ్ అనే చిరునామా నమోదు కోసం ఊరి ఆఫీసులో బల్ల మీద కూర్చున్న మొదటి రోజే అక్కడి గుమాస్తాకు లేహ్ కథ చెప్పబోయాడు. గుమాస్తాకు ఇంగ్లిష్ రాదు కాబట్టి బతికిపోయాడు.

ఇక్కడొక సంగతి తెలియాలి. అమెరికా ప్రభుత్వం కొన్ని కాంట్రాక్టులను విడిగా పక్కన పెడుతుంది. తమ సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ల చిన్న కంపెనీలకే అవి ఇస్తుంది. పేరుకు మాజీ సైనికుడు ఉంటే చాలదు. కంపెనీ అతనిదే అయుండాలి, పగ్గాలు అతని చేతిలోనే ఉండాలి. హ్యారియట్ కంపెనీ తింటున్న తిండి అదే. ఆమె మాజీ సైనికురాలు గనకనే భోజనశాలలు, బట్టలుతికే గదులు, చల్లగదులు వీళ్ల చేతికొస్తున్నాయి.

అదే భాస్కర్ రావుకు కడుపుమంట. స్థావరం గేటు దగ్గర ఆమె కార్డు చూపించగానే కాపలావాడు నిటారుగా నిలబడి, "మీ సేవకు కృతజ్ఞతలు, మేడం" అంటాడు. ఆ వెంటనే వెనక ఉన్న ఇతని సంచీ విప్పించి స్పానర్లు ఒక్కొక్కటీ పైకెత్తి చూస్తాడు. ఆమె కుంటుతూ నడిస్తే పక్కకు తప్పుకుని దారిస్తారు. ఇతనూ కుంటుతాడు. బూటు బిగుతైందనుకుంటారు.

"పదిహేడేళ్లు పెద్దదా, నాలుగేళ్లు పెద్దదా?" అని శారదాదేవిని ఎన్నిసార్లు అడిగాడో.

"పదిహేడే పెద్దది, ఎవరు కాదన్నారు? మన సైన్యం వాళ్ల లెక్కలోకి యాడ వచ్చుద్దయ్యా? నీ రేషన్ కార్డు ఇక్కడ చూపిస్తే బియ్యం ఇస్తారా?"

"సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్లా పెద్దలు. చెయ్యి నాది, పేరు ఆమెది."

"ఆ చేతికి జీతం ఎవరిస్తన్నారో అది కూడా చెప్పు."

ఇంట్లో ఇలా నోరు మూయించే మనిషి ఉంది. ఊళ్లో లేదు. తెలుగువాళ్లు కలిసినప్పుడల్లా భాస్కర్ రావు "మా వెటరన్ కంపెనీ" అనేవాడు. వినేవాళ్లు సాఫ్ట్‌వేరు పిల్లలు. అంకుల్ మాజీ సైనికుడు, కంపెనీ మాజీ సైనికులది, కాబట్టి కంపెనీ అంకుల్‌దే అని కూడికలు వేసుకున్నారు. ఆ కూడిక తప్పని భాస్కర్ రావు ఏనాడూ చెప్పలేదు.

ఆ ఏడు ఉగాది వేడుకలో అతనికి సన్మానం పెట్టారు. పచ్చడి పంచారు, పిల్లల నాట్యాలయ్యాయి, పులిహోర కోసం జనం వరుస కట్టబోతున్నారు. సంఘం కార్యదర్శి అఖిలేష్ అందరినీ కూర్చోబెట్టి మైకు పట్టుకున్నాడు. కరీంనగర్ కుర్రాడు, బ్యోబ్లింగెన్‌లోనే కార్ల సాఫ్ట్‌వేరు ఉద్యోగం. "దేశానికి సేవ చేసి, గిప్పుడు అమెరికా సైన్యానికే సామాన్లు బిగిస్తున్న వెటరన్ కంపెనీ అధినేత, మన భాస్కర్ రావు అంకుల్!" అన్నాడు. జరీ అంచు శాలువా భుజాల మీద పడింది. హాలంతా చప్పట్లు.

శాలువా వేడి తగిలాక మనిషికి ఒళ్లు తెలుస్తుందా? భాస్కర్ రావు మైకు అందుకున్నాడు. పల్లె బడి నుంచి మొదలుపెట్టి, పరుగు పందెం, లేహ్, కాలివేళ్లు, కువైట్ ఐసు, కిటికీలోంచి దూర్చిన యంత్రం అన్నీ వరసగా చెప్పాడు. చివరికి గొంతు పెంచి, ఇన్నేళ్లుగా కడుపులో ఉడుకుతున్నది కూడా కక్కేశాడు.

"ఆ కంపెనీకి ఆమె పేరు, నా చెయ్యి! మేడం సంతకం పెట్టుద్ది, అంతే. నడిపేది నేను!"

వెనక వరుసలో ఎవరో ఈల వేశారు. మూడో వరుసలో శారదాదేవి మాత్రం తల వంచుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంది. ఇంటికెళ్లే దారిలో ఒక్క మాటే అంది. "సొమ్మొకడిది సోకొకడిది అంటావు గదా. ఇయ్యాళ సోకు ఎవరిదయ్యా?"

అతను శాలువా మడత నలక్కుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

వేసవి వచ్చింది. హ్యారియట్ కంపెనీకి అంతకుముందెన్నడూ రానంత పెద్ద పని వచ్చింది. అదే స్థావరం భోజనశాలలో చల్లగదులు, ఆవిరితో ఉడికించే కాగులు, పొయ్యిలు మొత్తం మార్చాలి. గదుల కొలతలు తీసింది భాస్కర్ రావే. నేల మీద పాకి, పైపుల వెనక టార్చి పట్టుకుని, మూలమూలా కొలిచాడు. నక్షాలు గీసింది అబ్దుల్ ముఖీత్. హైదరాబాద్ కుర్రాడు, పాడర్‌బోర్న్‌లో చదువు ముగించి ఈ కంపెనీలో చేరాడు. పని వచ్చిన రోజు హ్యారియట్ కేకు తెచ్చింది. కేకు కోసింది ఆమే అని భాస్కర్ రావు గమనించాడు.

ఆ కేకు అరక్కముందే ఫిర్యాదు దిగింది. ఈ పని కోసం పోటీపడి ఓడిన ఇంకో కంపెనీ పెట్టిన ఫిర్యాదు అది. హ్యారియట్ పేరుకు మాత్రమే యజమానురాలు, అసలు కంపెనీ నడిపేది అమెరికా సైన్యంలో ఒక్కరోజు కూడా చేయని భాస్కర్ రావు, కాబట్టి కాంట్రాక్టు రద్దు చేయాలి అని దాని సారాంశం. సాక్ష్యం ఉగాది వీడియో.

హ్యారియట్ భాస్కర్ రావునూ ముఖీత్‌నూ ఆఫీసులోకి పిలిచి కంప్యూటర్ తెర తిప్పింది. తెర మీద శాలువా కప్పుకున్న భాస్కర్ రావు చెయ్యెత్తి మాట్లాడుతున్నాడు. అతని పొట్ట మీదుగా తెల్లటి ఇంగ్లిష్ అక్షరాలు నడుస్తున్నాయి. అతను అన్న ప్రతి ముక్కా, పొల్లుపోకుండా.

భాస్కర్ రావు బయటికొచ్చి అఖిలేష్‌కు ఫోను చేశాడు. "ఆ ఇంగ్లిష్ ఎవడు పెట్టమన్నాడు నాయనా నిన్ను?"

"మన పిల్లలకు తెలుగు సమజైతలేదు కదంకుల్. మీ స్టోరీ వాళ్లకు ఇన్‌స్పిరేషన్ ఉంటదని, రెండు వీకెండ్లు కూసొని పెట్టిన. మంచిగ రాలేదా?"

"మంచిగానే వచ్చింది నాయనా. ఇంకా బాగా వచ్చుంటే నన్ను జైల్లో పెట్టేవాళ్లు."

అయితే లోపల ఇంకోటి జరిగింది. ఫిర్యాదు నకలు చేతికొచ్చినప్పుడు భాస్కర్ రావు దాన్ని బాత్రూములోకి తీసుకెళ్లి చదివాడు. మళ్లీ చదివాడు. 'ఈ సంస్థను వాస్తవంగా నడిపించే వ్యక్తి' అని అమెరికన్ లాయర్లు అచ్చులో, అతని పూర్తి పేరు రాసి మరీ అన్నారు. ఇన్నేళ్లలో గేటు దగ్గర గాని, అధికారి చెయ్యి కలిపేటప్పుడు గాని దొరకనిది అక్కడ దొరికింది. శత్రువులు ఇచ్చారు గాని, ఇచ్చారు. అద్దంలో చూసుకుంటే మీసం కింద నవ్వు ఆగలేదు.

ఆ నవ్వు మొహాన ఉండగానే హ్యారియట్ పిలిచింది. ఆమెది అరిచే తత్వం కాదు. ఇంగ్లిష్‌లో, నెమ్మదిగా మాట్లాడింది.

"కాంట్రాక్టు అధికారులు ఇది నమ్మితే ఈ పని పోతుంది, రావ్. దీంతోపాటు ముందు వచ్చేవీ పోతాయి. కంపెనీ మూసేస్తాను. నీకు ఇక్కడ శాశ్వత నివాసం ఉంది, ఏదో ఒకటి చూసుకుంటావు. ముఖీత్ బ్లూ కార్డు వీసా కొత్తది, ఈ ఉద్యోగం మీదే ఉంది. అతని భార్య నిన్నగాక మొన్న వచ్చింది."

"మేడం, నేను సైనికుణ్ణి కానా?"

"సైనికుడివే. నాకంటే ఎక్కువ కాలం చేశావు. కానీ ఈ నియమంలో నువ్వు లేవు. నియమం నేను రాయలేదు."

"నడిపేది నేనన్నాను. పూర్తిగా అబద్ధం కాదు కదా?"

హ్యారియట్ ఫిర్యాదు కాగితాలు పక్కకు జరిపింది. "పోయినేడు పొయ్యిల విషయంలో ఏం జరిగింది?"

భాస్కర్ రావు కిటికీలోంచి బయటికి చూశాడు.

కంపెనీ లాయరమ్మ ఒక దారి చెప్పింది. లిఖితంగా ఇచ్చే జవాబు ఎలాగూ ఇస్తారు. దాంతోపాటు భాస్కర్ రావు అదే జనానికి, అదే భాషలో, అదే చోట దిద్దుబాటు వీడియో ఒకటి పెట్టాలి. అందులో ఉండాల్సినవి మూడు మాటలు. కంపెనీ హ్యారియట్‌ది. నిర్ణయాలు హ్యారియట్‌వి. అతని సైనిక సేవ ఈ నియమం ప్రకారం లెక్కలోకి రాదు.

అమెరికన్లకు ఎన్నిసార్లైనా చెప్పేవాడు. తెలుగువాళ్ల ముందు, శాలువా కప్పినవాళ్ల ముందు, ఈల వేసినవాడి ముందు చెప్పాలట!

ఆదివారం అందరూ అతని ఇంట్లోనే చేరారు. అఖిలేష్ ఫోనును చక్కెర డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. లాయరమ్మ చెప్పిన మాటలు ముఖీత్ చేతిలో ఉన్నాయి. శారదాదేవి టీ పెడుతోంది.

"రెడీనా అంకుల్? చెప్పుర్రి."

"నమస్కారం. నా పేరు భాస్కర్ రావు. కంపెనీ యజమాని హ్యారియట్ కోల్ గారు. నేను ఉద్యోగిని. అయితే లేహ్‌లో ఆసుపత్రి జనరేటరు..."

"ఆపుర్రి, ఆపుర్రి! లేహ్ వద్దంకుల్."

"లేహ్ అబద్ధమా?"

"అబద్ధమని ఎవలన్నరు? గీ ముచ్చట్ల అది లేదు, గంతే."

మళ్లీ మొదలుపెట్టాడు. "కంపెనీ హ్యారియట్ గారిది. నిర్ణయాలన్నీ ఆమె తీసుకుంటారు. నేను సలహా ఇస్తే..."

"సలహా అనే మాట వద్దట అంకుల్, లాయర్ మేడం చెప్పింది" అన్నాడు ముఖీత్.

"నీ బొంద! సలహా కూడా ఇయ్యలేదా నేను?"

"ఇచ్చారు కదా అంకుల్. పోయినేడు ఇంకో స్థావరంలో గ్యాసు పొయ్యిలే ఉంచాలన్నారు మీరు. మేడం వినలేదు, కరెంటువి పెట్టించింది. అదే చెప్పండి. నిర్ణయం ఆమెదని బాగా తెలుస్తది."

వంటింట్లో గరిటె ఆగింది. శారదాదేవి గడపలోకి వచ్చి నిలబడింది.

"ఆ పొయ్యిలు ఇప్పుడెట్టా ఉన్నాయి నాయనా?" అని అడిగింది ముఖీత్‌ను.

"మంచిగ పని చేస్తున్నాయి ఆంటీ. ఒక్క కంప్లైంట్ లేదు."

భాస్కర్ రావు ముఖీత్‌ను కొరకొరా చూశాడు. కుర్రాడి కళ్లలో ఎగతాళి కనిపించలేదు. అందుకు ఇంకా మండింది. అయినా ఆ ముక్క చెప్పాడు. పొయ్యిల విషయంలో తను ఒకటన్నాడని, యజమాని ఇంకోటి చేసిందని, అవి బాగా పనిచేస్తున్నాయని. చెబుతుంటే పళ్లు తోమని నోట్లో వేపపుల్ల నమిలినట్టుంది.

మూడో మాట మిగిలింది. దగ్గాడు. టీ అడిగాడు. అఖిలేష్ ఫోను సర్దాడు, మళ్లీ సర్దాడు.

"అంకుల్, టైం తీసుకోండి" అన్నాడు ముఖీత్. "నిజానికి మీరు చెప్పకపోయినా... మా ఆవిడ మహ్నూర్ అంటోంది, ఇంకో ఉద్యోగం వెతుకుదామని."

"చెప్పవయ్యా" అంది శారదాదేవి. "పిల్లోడి కాపురం నీ నోట్లో ఉంది."

భాస్కర్ రావు చొక్కా గుండీ పైదాకా పెట్టుకున్నాడు. అధికారి ముందు నిలబడ్డట్టు నిటారుగా కూర్చున్నాడు.

"నేను భారత సైన్యంలో పదిహేడేళ్లు పనిచేశాను. ఈ నియమం ప్రకారం అది లెక్కలోకి రాదు. ఉగాది నాడు నేను చెప్పింది తప్పు."

తప్పు అన్న మాట లాయరమ్మ అడగలేదు. అతనే వేశాడు. ఎందుకు వేశాడో అతనికీ తెలియదు. అఖిలేష్ ఈసారి ఆపమనలేదు.

వీడియో సంఘం పేజీలో ఎక్కింది, కింద ఇంగ్లిష్ అక్షరాలతో సహా. నమస్కారం బొమ్మలు వచ్చాయి, నవ్వు బొమ్మలు అంతకన్నా ఎక్కువ వచ్చాయి. 'మరి శాలువా వాపసిస్తారా అంకుల్?' అని ఒకడు రాశాడు. భాస్కర్ రావు ఆ తర్వాత ఇండియన్ సరుకుల దుకాణానికి పోవడం మానేశాడు. కరివేపాకు శారదాదేవే తెచ్చుకుంది.

ఎండలు తగ్గేసరికి తీర్పు వచ్చింది. ఫిర్యాదు కొట్టేశారు. కంపెనీ హ్యారియట్‌దేనని, పగ్గాలు ఆమె చేతిలోనే ఉన్నాయని తేల్చారు. పని నిలిచింది, ముఖీత్ కార్డూ నిలిచింది. హ్యారియట్ అతని భుజం తట్టి, "నీ వీడియో పనికొచ్చింది, రావ్" అంది. తన వల్ల వచ్చిన ముప్పును తనే తప్పించాడు. మామూలుగా అయితే ఇది కూడా అతను చెప్పుకునే వరుసలో చేరాలి. ఎలా చెప్పుకోవాలో మాత్రం అంతుబట్టలేదు.

ఇక చల్లగదులు బిగించడమే మిగిలిందనుకున్నాడు. పనిముట్లు తుడుచుకున్నాడు. మందపాటి సాక్సులు కొన్నాడు. అక్టోబరులో హ్యారియట్ పిలిచింది.

"భోజనశాల పని నేను, ముఖీత్ చూసుకుంటాం. నువ్వు పోలండ్ వెళ్లాలి. అక్కడ చిన్న శిబిరంలో ఐసు యంత్రాలు మార్చాలి."

అతనికి మొదట అర్థం కాలేదు. "ఆ గదులు నేను కొలిచినవి మేడం."

"తెలుసు. కానీ ఓడిన కంపెనీ కళ్లు మన మీదే ఉన్నాయి. నువ్వు మధ్యలో నిలబడి చేతులూపుతూ పురమాయిస్తుంటే ఎవరో ఒకరు ఫోటో తీస్తారు. మళ్లీ మొదటికొస్తుంది."

"నేను చేతులూపను."

"ఊపుతావు, రావ్. నాకు తెలుసు, నీకూ తెలుసు."

ఇంతకాలం ఆమె మీద ఉన్న మంట ఆ సాయంత్రం దారి మార్చుకుని ముఖీత్ మీదికి పాకింది. నిన్నగాక మొన్న వచ్చినవాడు, స్పానరు ఎటు తిప్పాలో నక్షా చూసి చెప్పేవాడు, తను పాకి కొలిచిన నేల మీద నిలబడి మీట నొక్కుతాడు. అధికారి వచ్చి వాడితో చెయ్యి కలుపుతాడు. ఆ చెయ్యి కళ్ల ముందు కదులుతుంటే అన్నం సహించలేదు.

బయలుదేరే ముందురోజు ముఖీత్ ఇంటికొచ్చాడు, నక్షాలు చుట్టి చంకలో పెట్టుకుని.

"అంకుల్, పెద్ద చల్లగది నేల వాలు ఎటుంది? నక్షాలో లెవెల్ అని ఉంది. నాకు డౌట్ కొడుతుంది."

వాలు ఎటుందో భాస్కర్ రావుకు తెలుసు. మోకాళ్ల మీద పాకినప్పుడు టార్చి దొర్లి చెప్పింది. నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాడు. తెలుసుకోనీ, నీళ్లు నిలిచాక తెలుసుకోనీ, అప్పుడు పోలండుకు ఫోను చేస్తారు అనుకున్నాడు. ఆ ఫోను మోగడం కూడా వినిపించింది. 'రావ్, నువ్వు లేకపోతే కాలేదు' అని హ్యారియట్ అంటుంది. ఎంత తీపిగా ఉందో ఆ ఊహ!

అంతలో దాని వెనకే ఇంకోటి తోచింది. నీళ్లు నిలిస్తే ఎవడు కొలిచాడని అడుగుతారు. భాస్కర్ రావు కొలిచాడంటారు.

"తలుపు వైపు వాలింది" అన్నాడు చిరాగ్గా. "కాలువ వైపు కాదు. కింద పలకలు పెట్టి లేపుకో. ముందు కంప్రెసరు నిలబెట్టి తర్వాత తలుపు బిగించు, తిరగేసి చేశావంటే తలుపు మూసుకోదు. రాసుకోవద్దా? అన్నీ గుర్తుంటాయా నీకు?"

ముఖీత్ గబగబా రాసుకున్నాడు. "థాంక్యూ అంకుల్. మీరు ఉంటే..."

"ఉండనుగా! ఇంకేం అడగబాక, పో."

మర్నాడు ఉదయం వ్యాను ఇంటి ముందుకొచ్చింది. శారదాదేవి గోంగూర పచ్చడి సీసా, కందిపొడి డబ్బా గుడ్డలో చుట్టి సీటు కింద పెట్టింది. అతను పనిముట్ల పెట్టె ఎక్కించి, తాళ్లు లాగి చూసి, మళ్లీ లాగి చూశాడు.

"ఐసు యంత్రాలే గదా. వారంలో అయిపోవా? అంతకాలం ఎందుకంట ఆడ?"

"అయిపోతాయి. అయినా రాకూడదు. భోజనశాల తనిఖీ నవంబరు ఇరవై రెండున. అధికారులొస్తారు, చేతులు కలుపుతారు, ఫోటోలు దిగుతారు. నా తిరుగు ప్రయాణం మేడమే రాసింది."

"ఎప్పటికని రాసింది?"

భాస్కర్ రావు వ్యాను ఎక్కి, తలుపు లాక్కుని, అద్దం దించాడు.

"ఆ మర్నాటికి. ఇరవై మూడు, శనివారం."